నీటికి కరణం



ఉపాధ్యాయవృత్తిలో ఒక సౌలభ్యం ఉన్నది. తాను కదలకుండా ఒక్క ఊళ్లో కూర్చున్నా, శిష్యుల పుణ్యమా అని లోకంలోని వృత్తులన్నీ పరిచయమవుతాయి. సున్నిపెంటలో నా దగ్గర తెలుగు చదువుకొన్నవారిలో ఇంజనీర్లున్నారు, లారీ యజమానులున్నారు, అటవీశాఖ ఉద్యోగులున్నారు, ఒక హరికథకుడు కూడ ఉన్నాడు. వీరి వృత్తులన్నింటికీ పేర్లున్నవి. ఒక్క శిష్యురాలి కొలువుకు మాత్రం నాకు ఇన్నేళ్లుగా పేరు కుదరలేదు. ఆమె నియామకపత్రంలోని హోదాను మక్కికి మక్కిగా తెనిగిస్తే 'వాతావరణ మార్పుల అనుకూలన విజ్ఞానానికి సమాచార, దత్తాంశ సమన్వయకర్త' అని వస్తుంది. సమాసం ఘనంగానే ఉన్నది గాని, విన్నవారికి ఒక్క ముక్కయినా బోధపడదు. వాళ్లమ్మ ఒకసారి నన్నే అడిగింది: "సార్, మా పాప చేసే పని ఏందో ఎవరన్నా అడిగితే నాకు చెప్పేకి రాదు. మీరన్నా చెప్పండి."

ఆ ప్రశ్నకు సావకాశంగా సమాధానం వెదకడమే ఈ టపా ఉద్దేశం.

ముందు మా ఊరి సంగతి రెండు ముక్కలు. నల్లమలలో పెంట అంటే చెంచుల చిన్న గూడెం. అటువంటి పేరుగల ఈ చోటు శ్రీశైలం ప్రాజెక్టు కట్టేవారి కాలనీగా పెరిగింది. కనుక ఇక్కడివారికి పుట్టుకతోనే ఒక అంకెతో చుట్టరికం. వానకాలం వచ్చిందంటే ఇద్దరు ఎదురుపడినప్పుడు కుశలప్రశ్నకు ముందే 'మట్టం ఎంత?' అన్న ప్రశ్న వస్తుంది. 885 అడుగులు జలాశయపు పూర్తిమట్టమని మా ఊళ్లో మూడవ తరగతి పిల్లవాడికి కూడ తెలుసు.

ఆ అంకె ఒక్కటే అయినా దాని అర్థం ఒక్కటి కాదు. విద్యుత్కేంద్రంలో పనిచేసేవానికి అది ఉత్పత్తి. గేట్లు ఎత్తితే చూడవచ్చే జనానికి సొరకాయ బజ్జీలమ్ముకొనే ఆమెకు అది నాలుగు రోజుల వ్యాపారం. పోతిరెడ్డిపాడు తూముకు నీరందుతుందా లేదా అని ఎదురుచూసే సీమ రైతుకు అది పంట. ఇంకొక మెలిక కూడ ఉన్నది. తొలినాళ్లలో పూర్తిమట్టానికి 308 టీఎంసీలుగా లెక్కించిన నిల్వ, పూడిక చేరిన కారణంగా నేడు సుమారు 215 టీఎంసీలు మాత్రమే. ఆనాడు 885 అడుగులే, ఈనాడూ 885 అడుగులే. అడుగు మారలేదు, అడుగున చేరిన మట్టి నీటిని మింగింది. ఈ సంగతి చెప్పేవారు లేకపోతే కొలత సత్యమే అయినా దానిని చదివినవాడు అసత్యాన్ని గ్రహిస్తాడు. అంకెను తెచ్చేవాడొకడు, అనుభవించేవాడొకడు. నడుమ నిలబడి 'దీని అర్థమిది' అని చెప్పేవారు మరొకరు కావాలి. మా శిష్యురాలి కొలువుకు మూలం ఇక్కడ ఉన్నది.

వానను కొలవడం మనకు కొత్త కాదు. కోష్ఠాగారంలో అరత్ని వెడల్పు మూతిగల కుండను వర్షమానంగా నిలపాలని కౌటిల్యుని అర్థశాస్త్రం చెప్పుతుంది. ఏ దేశానికి ఎన్ని ద్రోణాల వర్షం తగునో వ్రాస్తూ మన పొరుగునున్న అశ్మకదేశాన్ని వేరుగా పేర్కొంటుంది. వరాహమిహిరుని బృహత్సంహితలో 50 పలాలు ఒక ఆఢకమని, నాలుగు ఆఢకాలు ఒక ద్రోణమని వాన కొలతకు మానం ఉన్నది. అయితే కాలక్రమాన మనకు మిగిలినది ఉగాదినాడు పంచాంగశ్రవణంలో వినవచ్చే 'ఇన్ని కుంచాల వర్షం' అన్న మాట మాత్రమే. అది వాన పడక ముందు చెప్పేది. పడిన తరువాత ఎంత పడినదో కొలిచి, ఆ కొలతను బట్టి విత్తనం నిర్ణయించుకొనే అలవాటు తప్పిపోయినది. జోస్యం నిలిచింది, లెక్క జారిపోయింది.

ఆ లెక్కను రైతుల చేతికే తిరిగి ఇచ్చిన ప్రయత్నం ఒకటి మన ప్రాంతంలోనే జరిగింది. మనవారికంటె బయటివారికే దాని పేరు ఎక్కువగా తెలుసు. 1995లో నెదర్లాండ్స్ సహాయంతో ఏపీవెల్ అన్న పథకం మొదలయి, చిన్న రైతులకు ఉమ్మడి బోర్లు వేయించింది. బోరు వేయడం తేలికే, దానిలో నీరు నిలబెట్టడమే కష్టమని ఆ అనుభవం నేర్పింది. ఆ పాఠం మీదనే 2003 తరువాత, రైతులే భూగర్భజలాన్ని నిర్వహించుకొనే పథకం ఒకటి వచ్చింది. దానిని పొడి అక్షరాలలో ఏపీఫామ్స్ అంటారు. ఐక్యరాజ్యసమితివారి ఆహార వ్యవసాయ సంస్థ దానిని నడిపించింది. కర్నూలు, కడప, అనంతపురం, చిత్తూరు, ప్రకాశం, మహబూబ్‌నగర్, నల్లగొండ అనే 7 కరువు జిల్లాలలో, 600కు పైగా గ్రామాలలో ఐదారేళ్లపాటు అది సాగినది. ఈ పనిలో ముందు నిలిచిన స్వచ్ఛంద సంస్థలలో నంద్యాల, ఆళ్లగడ్డ ప్రాంతానికి చెందిన బర్డ్స్ ఒకటి.

ఈ పథకంలో ఎవరికీ రాయితీ ఇవ్వలేదు, మోటారు ఇవ్వలేదు, విత్తనం ఇవ్వలేదు. ఇచ్చినది విద్య ఒక్కటే. నాబోటి బడిపంతులుకు అది నచ్చడంలో ఆశ్చర్యమేమున్నది? రైతులే ప్రతిదినం వర్షమాపకంలో వాన కొలిచేవారు. పదిహేను రోజులకొకసారి ఎంపిక చేసిన బావులలోకి తీగ వదలి, నీటిని తాకగానే మోగే పరికరంతో మట్టం చూసేవారు. డ్రమ్ము పెట్టి, గడియారం చూసి, బోరు ఎంత పోస్తున్నదో లెక్కకట్టేవారు. ఆ అంకెలను ఊరి నడుమ గోడపై ఒక బల్ల మీద వ్రాసేవారు. రబీకి ముందు ఒక వాగు పరీవాహకంలోని గ్రామాలవారంతా ఒకచోట చేరి, భూమిలోకి ఎంత నీరు ఇంకింది, ఎంత తోడినాము, ఎంత మిగిలింది, ఎవరు ఏ పంట వేయదలచినారు, దానికి ఎంత కావాలి అని జమాఖర్చు వేసుకొనేవారు. దీనికి పంట నీటి బడ్జెట్ అని పేరు.

ఆ లెక్క ఎట్లా ఉంటుందో చూడండి. ఎకరం నేల మీద ఒక మిల్లీమీటరు వాన అంటే సుమారు 4 వేల లీటర్లు, అనగా 200 లీటర్ల డ్రమ్ములు 20. వరికి 1200 మిల్లీమీటర్ల దాకా నీరు కావాలనుకొంటే ఎకరానికి 24 వేల డ్రమ్ములు. వేరుసెనగకు 500 మిల్లీమీటర్లు అనుకొంటే 10 వేల డ్రమ్ములు. మన రాతినేలల్లో కురిసిన వానలో భూగర్భానికి చేరేది పదోవంతుకు అటూ ఇటూ. అంటే ఒక్క ఎకరం వరికి తోడిన నీటిని తిరిగి నింపడానికి ఎన్ని ఎకరాల మీద వాన కురవాలో ఆలోచించండి. మిల్లీమీటరు అన్నప్పుడు తల ఊపి ఊరుకొనే రైతు, డ్రమ్ము అన్నప్పుడు లేచి నిలబడి వాదిస్తాడు. వాదించినాడంటే అర్థమయినట్లే.

మా శిష్యురాలు డిగ్రీ పూర్తి కాగానే ఒక సంస్థలో గ్రామాలు తిరిగి పట్టికలు తెచ్చే పనిలో చేరింది. సంస్థ పేరు చెప్పడం ఇక్కడ అవసరం లేదు. క్రమంగా ఆ పట్టికలను సరిచూడడం, శాస్త్రజ్ఞులకు పంపడం, వారు చెప్పినది తిరిగి గ్రామానికి చేర్చడం ఆమె విధి అయినది. పనిమీద నంద్యాలకో ఆళ్లగడ్డకో తిరిగేటప్పుడు, సున్నిపెంటలో తల్లిని చూడవచ్చినప్పుడల్లా, చేతిసంచిలో కాగితాలు పెట్టుకొని మా ఇంటికి వచ్చేది. ఆమెకు కావలసినవి మాటలు.

"సార్, క్లైమేట్ అనేదానికి తెలుగులో ఏమని రాయల్ల?"

పాఠ్యపుస్తకాల్లో శీతోష్ణస్థితి అని ఉన్నది. పత్రికలవారు వాతావరణం అంటారు. మొదటి మాటలో చలి, వేడి ఉన్నవి గాని సీమకు ప్రాణమైన వాన లేదు. రెండవ మాట ఈ పూట మబ్బుకూ ముప్పై ఏళ్ల పోకడకూ ఒక్కటే అయి కూర్చున్నది. అడాప్టేషన్‌కు అనుకూలనం అని జీవశాస్త్రంవారు, అనుసరణ అని మరికొందరు వ్రాస్తారు. అనుసరణ అంటే మా పండితులకు మరొక గ్రంథాన్ని పట్టుకొని వ్రాసిన నాటకం గుర్తుకు వస్తుంది. చివరకు నేను ఆమెనే అడిగినాను, "అమ్మా, ఊళ్లోవాళ్లు ఏమంటారు?" అని. "అదును తప్పింది అంటారు సార్" అన్నది.

అంతకంటె మంచి మాట నిఘంటువులలో వెదకితే దొరుకుతుందా? అదును కాలానికి సంబంధించినది, పదును నేల తడికి సంబంధించినది. వాన ఎంత పడిందన్నది ఒక ప్రశ్న, ఎప్పుడు పడిందన్నది దానికంటె పెద్ద ప్రశ్న. ఆ రెంటినీ మన సేద్యగాళ్లు రెండు మాటలలో ఏనాడో విడదీసి పెట్టుకొన్నారు. 'అదును తప్పిన కాలంలో సేద్యం' అని ఆమె తన కరపత్రానికి శీర్షిక పెట్టింది. పునర్భరణం అన్నచోట 'ఇంకిన నీరు' వచ్చింది. డేటాకు దత్తాంశమని నేను చెప్పబోతే ఆమె నవ్వి ఊరుకొన్నది. తరువాత ఆలోచిస్తే ఆమె నవ్వులో న్యాయం కనిపించింది. దత్తం అంటే ఇవ్వబడినది. ఈ అంకెలు ఒకరిచ్చినవి కావు, ఎండలో నిలబడి బావిలోకి తీగ వదలి తెచ్చుకొన్నవి. లెక్క అన్న మాటే చాలును.

కార్తెల సంగతి కూడ అప్పుడే వచ్చింది. ఏడాదికి 27 కార్తెలు, ఒక్కొక్కటి 13, 14 రోజులు. మట్టం చూసేది పదిహేను రోజులకొకసారి. అటువంటప్పుడు పట్టికలో ఇంగ్లీషు తేదీ పక్కన కార్తె పేరు కూడ వ్రాస్తే ఏమి అన్నాను. వ్రాసింది. మృగశిరలో ఇంత, ఆరుద్రలో ఇంత అని బల్లమీద కనబడేసరికి, వయసుమళ్లిన రైతులు తమ చిన్ననాటి మృగశిరను గుర్తుచేసుకొని పోల్చడం మొదలుపెట్టినారట. శాస్త్రజ్ఞునికి అది వాంగ్మూలం, పట్టికలో చేరదు. కాని మాట కలిసింది. మాట కలిసినచోటే లెక్క నిలుస్తుంది.

సగటు అన్న మాటతో మాత్రం ఆమె కడదాకా యుద్ధం చేస్తూనే ఉన్నది. 2009వ సంవత్సరాన్ని తలచుకోండి. ఆ ఏడు దేశంలో నైరుతి ఋతుపవన వర్షం సగటుకంటె 22 శాతం తక్కువ. పెద్ద కరువు. ఆ ఏడే అక్టోబరు 2న శ్రీశైలం జలాశయానికి సుమారు 25 లక్షల క్యూసెక్కుల వరద వచ్చింది, నీటిమట్టం 896 అడుగులు దాటింది, ఎగువన కర్నూలు నగరం మునిగింది. మా ఊళ్లో ఆ రాత్రి ఎవరూ కన్ను మూయలేదు. కరువునూ వరదనూ ఒకే ఏటి పద్దులో కలిపి భాగిస్తే సగటు సలక్షణంగానే వస్తుంది. అయితే సగటు వానతో పంట పండించినవారు గాని, సగటు వరదలో మునిగినవారు గాని ఎక్కడా లేరు. అదునుతో సహా చెప్పకపోతే వాన లెక్కకు విలువ లేదు.

ఇక కష్టం సంగతి. ఒక గ్రామంలో బడ్జెట్ సభలో ఆమె లెక్క వినిపించిందట. ఆ ఏడు బోర్లకింద వరి వేస్తే నీరు మధ్యలోనే చాలించుకొంటుందని. అందరూ ఒప్పుకొన్నారు. వెనుకనుంచి ఒక పెద్దాయన లేచి, "లెక్క బాగానే ఉందమ్మా. వరి వేయకుంటే నా బాకీ ఎట్ల తీర్చల్ల?" అన్నాడట. ఆ ప్రశ్నకు ఆమె పట్టికలో గడి లేదు. అప్పులు, మద్దతు ధరలు, మోటారు కరెంటు, ఇవేవీ ఆమె చేతిలో లేవు. ఆమె పని చెప్పడం వరకే. చెప్పినదాన్ని ఆచరించగల స్తోమత రైతుకు ఉన్నదా అన్నది వేరే పద్దు.

పండితులలోనూ ఈ చర్చ జరిగింది. 2010లో ప్రపంచ బ్యాంకు భారతదేశపు లోతుబావుల మీద వెలువరించిన నివేదికలో, సమష్టిగా భూజలాన్ని నిర్వహించుకొన్న అరుదైన ఉదాహరణగా ఏపీఫామ్స్‌ను మెచ్చుకొన్నారు. 2012లో మరికొందరు పరిశోధకులు గ్రామాలకు వెళ్లి చూసి, ఆ మెప్పును సరిచూడవలసి ఉన్నదన్నారు. 2014లో ఆంధ్రప్రదేశ్‌లోని మూడు భూజల పద్ధతులను పోల్చిన అధ్యయనం వచ్చింది. నేను గ్రహించినంతవరకు ఈ చర్చ సారాంశం ఇది: జ్ఞానం అవసరమే, దానికి ఊరి కట్టుబాటు తోడు కావాలి, అడిగి వ్రాయించేవారు వెళ్లిపోతే వ్రాత ఆగిపోతుంది.

వెళ్లిపోవడం మాత్రం తప్పదు. ఇటువంటి కొలువులన్నీ మూడేళ్లకో నాలుగేళ్లకో ముడివేసినవి. ఏపీఫామ్స్ ముగిసిన తరువాత, వాతావరణ మార్పుకు తట్టుకొనే సేద్యమన్న పేరుతో ప్రపంచ పర్యావరణ నిధి సహాయంతో మరొక ప్రయోగపథకం అదే ప్రాంతానికి వచ్చి, రైతులకు వాతావరణ పాఠశాలలు నడిపి, అదీ ముగిసినది. మా శిష్యురాలి కొలువు కూడ పలుమార్లు ముగిసి, పలుమార్లు మొదలయినది. ఒకసారి ఒక సంస్థ కార్యాలయం ఖాళీ చేస్తున్నప్పుడు, గ్రామాలనుంచి తెచ్చిన రిజిస్టర్లను తూకానికి వేయబోతుంటే, ఆమె ఆటో మాట్లాడుకొని రెండు ట్రంకుపెట్టెలలో తన ఇంటికి చేర్చుకొన్నది. జీతం లేని ఆ నెలల్లో ఆమె చేసిన పని ఆ పుస్తకాలను కంప్యూటరులోకి ఎక్కించడం.

ఆళ్లగడ్డ వైపు ఒక రైతును గురించి ఆమె చెప్పగా విన్నాను. పథకం పోయినా ఆయన వర్షమాపకాన్ని వదలలేదు. మనుమడి నోటుపుస్తకం వెనుక పుటలలో కార్తెవారీగా వాన వ్రాసుకొంటూ వచ్చినాడు. ఎందుకని అడిగితే, "వాన పడితే రాయకుండ ఉండేకి మనసొప్పదమ్మా" అన్నాడట. తరువాతి పథకంవారు వచ్చి పాత లెక్కలు కావాలన్నప్పుడు, నడుమ ఖాళీ ఏళ్లకు ఆ వాగు పొడవునా మిగిలిన సాక్ష్యం ఆ నోటుపుస్తకమొక్కటే. ముప్పై ఏళ్ల పోకడను చూస్తే గాని కాలం మారిందో లేదో చెప్పలేమని శాస్త్రం అంటుంది. మూడేళ్ల కొలువులతో ముప్పై ఏళ్ల లెక్క ఎట్లా నిలుస్తుంది?

ఇక్కడ నాకు కరణం గుర్తుకు వస్తాడు. నేలకు మన పూర్వులు కరణాన్ని పెట్టినారు. ఏ పొలం ఎవరిది, ఏ పంట వేసినారు, ఏ ఆధారం కింద పండింది అన్నది అడంగలులో ఏటేటా ఎక్కేది. రాజులు మారినా, కుంఫిణీవారు వచ్చినా కరణీకం సాగింది, 1984లో ఆ వంశపారంపర్యపు వ్యవస్థ రద్దయ్యేదాకా. ఆ రద్దుకు కారణం లేకపోలేదు. కరణం వ్రాసేది గొలుసుకట్టు. ఆ రాత మరొకరు చదవలేరు. ఊరి లెక్క ఊరివారికే తెలియదు గనుక కరణం నోటిమాటే శాసనం. అతని బలం లెక్కలో లేదు, లెక్కను దాచడంలో ఉన్నది.

మా శిష్యురాలి పని కరణీకమే. కాకపోతే నేలకు కాదు, నీటికి. తలకిందులయిన కరణీకం కూడ. కరణం దాచినాడు, ఈమె గోడమీద వ్రాయించింది. కరణం గొలుసుకట్టులో వ్రాసినాడు, ఈమె గొలుసుకట్టును విప్పింది. ఎందుకంటే ఇంగ్లీషులో, శాస్త్రపరిభాషలో, ఎక్కడో నగరంలోని కంప్యూటరులో దాగి ఉన్న వాన లెక్క నేటి గొలుసుకట్టు కాక మరేమిటి? ఆ లెక్క ఏ బావిలోనుంచి వచ్చిందో ఆ బావి యజమానికి అది చదవరాదు. దానిని విప్పి, తెలుగు చేసి, తిరిగి బావి దగ్గరకు చేర్చడమే ఈ కొలువు.

ఇటువంటి మనిషి ప్రతి వాగుకూ ఒకరు ఉండవద్దా? 2019 డిసెంబరులో కేంద్రప్రభుత్వం అటల్ భూజల్ యోజనను ప్రారంభించి, గ్రామాలే నీటి బడ్జెట్ వేసుకోవాలన్నది. దానికి ఎంపికయిన 7 రాష్ట్రాలలో ఆంధ్రప్రదేశ్ లేదు. ఆ లెక్కను రైతులచేత వేయించిన నేలకు ఆ జాబితాలో చోటు లేకపోయింది. అదే ఏడాది అక్టోబరు 2న మన రాష్ట్రంలో గ్రామ సచివాలయాలు మొదలయినప్పుడు సర్వేకు, సేద్యానికి, పశువులకు, కరెంటుకు వేర్వేరు సహాయకులను నియమించినారు. నీటి పద్దు వ్రాసేందుకు ప్రత్యేకంగా ఒకరిని పెట్టలేదు. యంత్రాలు ఉన్నవి గదా, వాన, మట్టం వాటంతట అవే నమోదవుతున్నవి గదా అనవచ్చు. నిజమే, కొలిచే యంత్రాలు వచ్చినవి. 'మట్టం ఎంత?' అన్న ప్రశ్నకు అవి జవాబిస్తాయి. 'అయితే నేనేమి చేయాల?' అన్న ప్రశ్నకు మనిషే కూర్చుని జవాబు చెప్పాలి.

కనుక వాళ్లమ్మ ప్రశ్నకు నా సమాధానం ఇది. మీ పాప నీటికి కరణం. కాకపోతే ఊరంతా చదవగలిగేట్టు వ్రాసే కరణం.

మిత్రులకు ఒక విన్నపం. గోడలు నిట్టనిలువుగా ఉన్న ఏ పాత్రయినా వర్షమాపకమే. మిద్దెమీద ఆరుబయట పెట్టి, వాన వెలిసిన తరువాత పిల్లల స్కేలుతో లోతు కొలిచి, తేదీ, కార్తె వేసి వ్రాసుకోండి. మరొకటి. అదును, పదును వంటి మాటలు మీ మీ ప్రాంతాలలో వానకు, తడికి, ఊటకు ఇంకా ఎన్నో ఉంటాయి. పెద్దవారిని అడిగి తెలియజేయ ప్రార్థన. మా శిష్యురాలి సంచిలో వాటికి చోటున్నది.